సిరిమాను వారంలో టీవీ: ఆరుగురికి ఒకటే రిమోటు ఉన్న ఇంట్లో ఏం చూడాలి, ఎలా చూడాలి

పోయినేడు తొలేళ్ల రాత్రి, అంటే సిరిమాను పండగకి ముందు రోజు రాత్రి, మా ఇంట్లో రిమోటు మాయమైంది. సోఫా దిండ్లు తీశాం, పరుపు ఎత్తి చూశాం, చిన్నోడి స్కూలు సంచీ నేలమీద బోర్లించాం. మర్నాడు పొద్దున్న అన్నానికి బియ్యం కొలుస్తుంటే డబ్బాలో గ్లాసుతో పాటు రిమోటు కూడా చేతికొచ్చింది. దాచింది డెబ్బై మూడేళ్ల మా మావయ్యగారు. "మీ సీరియళ్ల గోల పడలేక దాసీసినానమ్మా" అని కాఫీ తాగుతూ తాపీగా ఒప్పేసుకున్నారు.

ఆ రోజు నుంచి వారానికో కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించడం నా పని అయింది. ఏడాదిగా నడుస్తోంది. గొడవలు పూర్తిగా పోలేదు గానీ, రిమోటు బియ్యంలోకి మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ వారమే వచ్చింది. దసరా అయింది, మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, పొడుగాటి చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. ఊళ్లోంచి ఆడపడుచు పిల్లల్ని వేసుకుని దిగుతుంది. విజయనగరంలో టీవీకి ఇంతకంటే కష్టమైన వారం ఇంకోటి ఉండదు. కాబట్టి నేను కాగితం ఎలా రాస్తానో, అందులో ఏం పెడతానో మొదటి నుంచి చెప్తాను.

ఒకటి: శుక్రవారం రాత్రే కూర్చోండి

ఆదివారం పొద్దున్న మొదలెడితే లాభం లేదు, అప్పటికే సగం సరుకు అయిపోతుంది. టీవీ రేటింగుల లెక్క కట్టే బార్క్ వాళ్లకి కూడా వారమంటే శనివారం నుంచి శుక్రవారం వరకే. ఆ లెక్క మనకీ వీలు. శనాదివారాల్లో వచ్చే పెద్ద ప్రోగ్రాములు ముందు కాగితమ్మీద పడిపోతాయి, మిగతావి వాటి చుట్టూ సర్దుకోవచ్చు.

ఏది ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి సెట్ టాప్ బాక్సు రిమోటులో గైడ్ బటన్ నొక్కండి. చాలా ఇళ్లలో ఆ బటన్ మీద అక్షరాలు కొత్తగా ఉన్నట్టే ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు కాబట్టి. రాబోయే రోజుల జాబితా అంతా అందులోనే ఉంటుంది. నచ్చినదాని మీద నిలిపి రిమైండర్ పెట్టుకోవచ్చు కూడా. ప్రోమోలని మాత్రం నమ్మకండి. ప్రోమోలో చెంపదెబ్బ కొట్టిన చెయ్యి ఎపిసోడ్‌లో జుట్టు సవరించుకుంటుంది. ఇది నేను ఒక్కసారి కాదు, చాలాసార్లు మోసపోయి చెప్తున్న మాట.

రెండు: ఇరవై ఎనిమిది గళ్ల కాగితం

అడ్డంగా ఏడు రోజులు. నిలువుగా పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు పూటలు. మొత్తం ఇరవై ఎనిమిది గళ్లు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒకటి పెన్నుతో రాసే హక్కు, రెండు పెన్సిలుతో రాసే హక్కు. పెన్ను గడి కదలదు, తుపానొచ్చినా అది వాళ్లదే. పెన్సిలు గడి బేరానికి లోబడి ఉంటుంది. ఆరుగురం కాబట్టి పద్దెనిమిది గళ్లు నిండుతాయి, పది మిగులుతాయి. ఆ పదీ ఖాళీగానే ఉంచండి. కొన్నింటిలో చుట్టాలు కూర్చుంటారు, కొన్నింటిలో టీవీ కట్టేసి ఉంటుంది.

చుట్టాలకి సొంత గడి ఇవ్వకండి. ఒక్కసారి ఇచ్చారంటే మర్నాటికి అదే పెన్ను గడి అయిపోతుంది.

పోటీ లేని గళ్లు ముందు నింపేయాలి. మా మావయ్యగారికి పొద్దున్నే రైతుల ప్రోగ్రాం అన్నదాత. గంట్యాడ దగ్గరున్న ఎకరన్నర కౌలుకిచ్చి పదేళ్లయినా, వేరుశనగలో తిక్క ఆకుమచ్చ గురించి ఆయనకి ఇప్పటికీ బెంగే. ఆ టైములో ఎవరూ లేవరు, గొడవ లేదు. అత్తయ్యగారికి తిరుమల దేవస్థానం వాళ్ల ఎస్వీబీసీలో మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం సహస్ర దీపాలంకరణ. దేవస్థానం వాళ్లు ఈ ఛానెల్ పెట్టింది 2008లో. మా ఇంట్లో మటుకు ఎప్పటినుంచో ఉన్నట్టే ఉంటుంది. కల్యాణం టైముకి మిగతావాళ్లు స్కూళ్లలో, ఆఫీసుల్లో ఉంటారు. సాయంత్రం దీపాల దగ్గరే చిన్నోడితో తగువు వస్తుంది, వాడికి అప్పుడే కార్టూను కావాలి. ఉయ్యాలలో స్వామి ఊగుతున్నంతసేపూ వాడు కార్టూను అడగకూడదని, ఆ తరవాత అరగంట వాడిదేనని ఒప్పందం. వాడు ఉయ్యాలని కన్నార్పకుండా చూస్తుంటాడు, భక్తి అనుకునేరు!

మూడు: రిమోటుకి వైద్యం

కాగితం ఎంత బాగా రాసినా రిమోటు పని చెయ్యకపోతే ఏం లాభం? బటన్ గట్టిగా నొక్కడం, అరచేతిలో కొట్టడం, సెల్లులు తీసి దొర్లించడం అందరూ చేసేవే. అసలు లోపం రిమోటుదో, బాక్సుదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఫోను సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోటు ముందుభాగంలో ఉన్న చిన్న బుడిపెని దానికి చూపించి ఏదైనా బటన్ నొక్కండి. మామూలు కంటికి కనిపించని వెలుగు ఫోను తెరమీద ఊదారంగులోనో, తెల్లగానో మిణుకుమంటుంది. మిణుకుమంటే రిమోటు బాగున్నట్టు, బాక్సు సంగతి చూడాలి. మిణుకు లేకపోతే సెల్లులు మార్చండి. మా చిన్నోడికి ఇది తెలిసిన దగ్గర్నుంచి వీధిలో అందరి రిమోటులూ వాడే పరీక్ష చేస్తున్నాడు.

తరవాత ఫేవరెట్ జాబితా పెట్టుకోండి. మూడు వందల ఛానెళ్లలో మనం చూసేది పన్నెండు. ఆ పన్నెండే వరసగా వచ్చేట్టు పెట్టుకుంటే మధ్యలో నగలమ్మే ఛానెళ్ల దగ్గర అత్తయ్యగారు ఆగిపోవడం ఉండదు. చూడని వాటికి డబ్బులు కడుతున్నారేమో కూడా ఒకసారి చూసుకోండి. డబ్బులు కట్టే ఛానెళ్లలో మనకి కావలసినవే విడిగా ఎంచుకునే వీలు 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల్లో ఉంది. మా బిల్లులో ఎవరూ చదవలేని భాషల ఛానెళ్లు తొమ్మిది ఉన్నాయని రెండేళ్ల తరవాత తెలిసింది. అడిగితే కేబుల్ అబ్బాయి "అవి ప్యాకేజీలో వచ్చీసినాయండీ" అన్నాడు, వానలో తూనీగలు వచ్చినట్టు.

నాలుగు: ఆరు రోజుల సీరియల్‌ని రెండు రోజుల్లో చూడటం

దీనిమీద నాకు కాస్త అనుభవం ఉంది, తీరిగ్గా చెప్తాను.

మన సీరియళ్లు చాలావరకు సోమవారం నుంచి శనివారం దాకా వస్తాయి. ఒకరోజు గడియారం పెట్టుకుని అరగంట ఎపిసోడ్ చూశాను. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు ఉండకూడదు, అంటే అరగంటకి ఆరు అనుకోండి. నిన్నటి కథ, టైటిల్ పాట, రేపటి ముక్క కలిపి ఇంకో నాలుగు. మిగిలిన ఇరవై నిమిషాల్లో కోడలు మెట్లు దిగింది. దిగి, "అత్తయ్యా, మీకో విషయం చెప్పాలి" అంది. ఆ మాటకి హాల్లో ఉన్న ఆరు మొహాలూ కెమెరా ఒక్కొక్కటిగా చూపించింది, ఒక్కో మొహం మూడేసిసార్లు, ఉరుము చప్పుడుతో. పద్దెనిమిది ఉరుములు. విషయం ఏమిటో శనివారం దాకా చెప్పలేదు.

కాబట్టి పద్ధతి ఇది. శనివారం ఎపిసోడ్ ఆఖరి పది నిమిషాలు చూడండి, వారమంతా నాన్చిన ముడి అక్కడ కాస్త సడలుతుంది. సోమవారం మొదటి పావుగంట చూడండి, శనివారం భయపెట్టింది నిజమా, కలా అన్నది అక్కడ తేలుతుంది. సాధారణంగా కల. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు వంటింట్లోంచి వింటే చాలు. సంగీతమే కథ చెప్తుంది. వీణ వస్తే ఎవరో మంచివాళ్లు పూజ చేస్తున్నారు, పప్పు కలుపుకోండి. వయొలిన్ వస్తే ఏడుపు, ఉల్లిపాయలు తరుక్కోండి. "ధన్ ధన్" అని మూడుసార్లు వస్తే మాత్రం గరిట పట్టుకునే హాల్లోకి వచ్చి ఒక చూపు చూసి వెళ్లండి.

ఈ నియమానికి మూడు మినహాయింపులు: పెళ్లి మండపం, ఆసుపత్రి, కోర్టు. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ వారం పెన్సిలు గడిని పెన్ను గడిగా మార్చమని అత్తయ్యగారు అర్జీ పెట్టుకుంటారు. నేను ఒప్పుకుంటాను. కానీ మండపం వేశారు కదాని తాళి కడతారనుకోకండి. మా ఇంట్లో లెక్క పెట్టిన రికార్డు పదకొండు రోజులు. పీటలమీద కూర్చున్న పెళ్లికూతురు పదకొండు రోజులు లేవలేదు. "కాళ్లు తిమ్మిరెక్కీవా దానికి" అని అత్తయ్యగారు నిజంగానే బాధపడ్డారు.

తప్పిపోయినవి ఫోనులో చూసుకోవచ్చు. స్టార్ మా వాళ్లవి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. ఆడపడుచు వచ్చినప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది. ఆవిడ ఊళ్లో చూసే సీరియల్ మనం చూడం. ఫోను, ఒక చెవి వైరు, ఒక పళ్లెం జీడిపప్పు చేతిలో పెట్టి పడకగదిలో కూర్చోబెట్టండి. జీడిపప్పు పలాసది అయితే ఇంకా మంచిది, రెండు ఎపిసోడ్ల దాకా బయటికి రారు.

అయిదు: కామెడీ గడిలో యాస మార్కుల ఆట

ఈ వారానికి నా మొదటి సిఫారసు ఇదే. నవ్వుకోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. స్కిట్లు వచ్చే ప్రోగ్రాం ఏదైనా సరే, జబర్దస్త్ అయినా సరే, అది 2013 నుంచి ఉంది కాబట్టి పాత ఎపిసోడ్లు కూడా బోలెడు. ఒకరు నవ్వితే పక్కవాళ్లు నవ్వుతారు, అంతవరకే దాని పని. కానీ మా ఇంట్లో అసలు వినోదం ఎవరైనా శ్రీకాకుళం యాస అందుకున్నప్పుడు మొదలవుతుంది.

టీవీలో, సినిమాల్లో మన యాస అంటే ఒకటే సూత్రం పెట్టుకున్నారు. "ఏంటి" అన్నచోట "ఏటి" అనడం, "చ" ఉన్నచోటల్లా "స" పెట్టడం. పనైపోయిందనుకుంటారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పుట్టినవాళ్లకి రెండో మాటకే తెలిసిపోతుంది ఇది స్టూడియోలో కలిపిన యాస అని. అందుకే మార్కుల ఆట పెట్టుకున్నాం. పదికి లెక్క.

క్రియలకి నాలుగు మార్కులు. "చేసేశాను" అనే చోట "సేసీసినాను", "వెళ్లిపోయాడు" అనే చోట "ఎల్లిపోనాడు" అన్నాడా? మన యాసకి ఆయువుపట్టు అక్కడే ఉంది. మాటలకి మూడు. "త్వరగా" కాకుండా "బేగి", "వదిలేయ్" కాకుండా "వొగ్గీ", పిల్లాణ్ని "గుంటడు" అన్నాడా? చుట్టరికం వరసలకి ఒకటి. ఆఖరి రెండూ ఒరవడికి. మనవాళ్లు వాక్యం చివర కొంచెం పైకి లాగి వదుల్తారు. అది రాకపోతే మిగతావన్నీ వచ్చినా అరువు గొంతులాగే ఉంటుంది. మధ్యలో "గిట్ల" అని దొర్లితే అయిదు మార్కులు కోత.

జడ్జి టెక్కలి పుట్టిల్లైన అత్తయ్యగారు. ఆవిడ చేతిలో ఇంతవరకూ ఎక్కువ వచ్చింది ఏడు. మొన్నొక కుర్రాడు పెళ్లాం వేషం కట్టిన ఇంకో కుర్రాణ్ని "అప్పా, అప్పా" అని బతిమాలుతున్నాడు. మావయ్యగారు సహా అందరం నవ్వుతున్నాం. అత్తయ్యగారు నవ్వకుండా, "ఓలమ్మ, మన కాడ అప్పంటే అక్క గదేటి. ఈడు పెళ్లాన్ని అక్కా అంతన్నాడు. సున్నా ఎయ్యండి" అన్నారు. అప్పుడు నవ్విన నవ్వుకి చిన్నోడికి ఎక్కిళ్లు వచ్చాయి. స్కిట్ రాసినవాళ్లకి ఆ నవ్వులో వాటా లేదు.

ఒక్కటి మాత్రం నా పక్షపాతం. మొగాడికి చీర కట్టి, లావుగా ఉన్నవాళ్లని పట్టుకుని ఏడిపించడమే స్కిట్ అయితే నేను ధ్వని కట్టేస్తాను. పకోడీల మూకుడు పొయ్యిమీద పెట్టడానికి అదే మంచి టైము.

ఆరు: పాటల గడి

విజయనగరంలో పాటల పోటీ చూడటం మిగతా ఊళ్లలో చూసినట్టు ఉండదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల మన ఊళ్లోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల అక్కడ నేర్చుకున్నారు, ఈ ఊళ్లోనే పుట్టిన సుశీలమ్మా అక్కడే నేర్చుకున్నారు. అందువల్ల రిక్షా తొక్కే ఆయన దగ్గర్నుంచి అందరూ జడ్జీలే. "శ్రుతి తగ్గింది" అని టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తుంది.

పాడుతా తీయగా ఈటీవీలో 1996లో మొదలైంది. 2020 సెప్టెంబరులో బాలు వెళ్లిపోయాక వాళ్లబ్బాయి చరణ్ నడిపిస్తున్నారు. పిల్లలు పాడింది విని, తప్పు ఎక్కడో చెప్పి, ఆ తప్పుని కూడా ముద్దుగా చెప్పే పద్ధతి బాలుగారిది. ఆ ప్రోగ్రాం చూసేటప్పుడు మా ఇంట్లో మూడు నియమాలు. పల్లవి అయ్యేదాకా కళ్లు మూసుకుని వినాలి, ఎందుకంటే పట్టుచీర చూసి మార్కులు వేసే అలవాటు నాక్కూడా ఉంది. జడ్జీలు నోరు విప్పకముందే మన మార్కు చీటీమీద రాసేయాలి. మాట్లాడటం ప్రకటనల్లోనే. మా పెద్దమ్మాయి ఇంటరు చదువుతోంది, పాత పాటలంటే మొహం చిట్లించేది. ఈ చీటీల పందెం పెట్టాక వాళ్ల నాన్నకంటే దగ్గరగా మార్కు వేస్తోంది. గెలిచినవాళ్లకి ఒక పెన్సిలు గడి అదనం.

ఏడు: మంగళవారం

మంగళవారం మధ్యాహ్నం గడిలో ఒకటే మాట రాయండి: సిరిమాను. సాయంత్రం గడిలోనూ అదే.

వెళ్లగలిగినవాళ్లు వెళ్లి కళ్లారా చూడాలి. అరవై అడుగుల చింతమాను, దాని కొసన పీటలో కూర్చున్న పూజారి, అమ్మవారి చదురుగుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం, కింద నుంచి అరటిపళ్లు విసిరే జనం. తెరమీద ఎంత పెద్దగా చూపించినా ఆ మాను నెత్తిమీదుగా వెళ్లినప్పటి ఝల్లుమనడం రాదు. కానీ అత్తయ్యగారి మోకాళ్లు మూడు లాంతర్ల కూడలి దగ్గర తోపులాటకి ఒప్పుకోవు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే టీవీయే దిక్కు. అప్పుడు ఇలా చేయండి.

భోజనాలు ఒంటిగంటకల్లా ముగించండి. ప్రత్యక్ష ప్రసారం రెండు మూడు చోట్ల వస్తుంది, అన్నీ ఒకసారి తిప్పి చూసి కోట వైపు కెమెరా పెట్టినవాళ్లని ఎంచుకోండి. న్యూస్ ఛానెళ్ల వాళ్లు సరిగ్గా మాను లేచే టైములో మంత్రిగారి మాటలకి వెళ్లిపోతారు. ఊరి కేబుల్ ఛానెల్‌లో బొమ్మ అంత బాగుండదు గానీ కెమెరా పక్కకి తిప్పరు. మాను ముందు నడిచే పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం అన్నీ వరసగా చూపిస్తారు. ఏది దేనికో తెలిసిన ముసలివాళ్లు ఇంట్లో ఉంటే ధ్వని తగ్గించి వాళ్లని చెప్పమనండి. పోయినేడు అత్తయ్యగారు మాను గురించి చెప్పినది ఏ యాంకరూ చెప్పలేదు. ఏ తోటలో ఏ చెట్టో అమ్మవారు పూజారికి కలలో చెప్తుందట. వాళ్ల నాన్న ఆవిణ్ని భుజంమీద ఎక్కించుకుని చూపించిన ఏడు, మాను ఆగిపోతే జనం మొత్తం ఊపిరి బిగబట్టారట.

ఇంకో తమాషా. మా ఇల్లు అయ్యకోనేరు గట్టు దగ్గర. డప్పులూ, జనం కేకలూ కిటికీలోంచి ముందు వస్తాయి. టీవీలో మాను కదలడం తరవాత కనిపిస్తుంది. ప్రత్యక్ష ప్రసారమంటారు గానీ బొమ్మ ఉపగ్రహం దాకా వెళ్లి రావాలి, మధ్యలో యంత్రాల్లోంచి దూరి రావాలి, కొన్ని సెకన్లు వెనకబడుతుంది. చిన్నోడు కిటికీ దగ్గర నిలబడి కేక వినగానే "ఇప్పుడు లేస్తుంది చూడు నానమ్మా" అంటాడు. లేస్తుంది. చుట్టాల పిల్లల దగ్గర వాడికి జోస్యుడని పేరు.

ఆ రాత్రి సీరియళ్లు పెట్టకండి. వెళ్లినవాళ్లు కాళ్లు నొప్పులతో వస్తారు, ఒక్కొక్కరూ తాము చూసిన సిరిమాను చెప్తారు. అది వినాలి.

ఎనిమిది: మిగతా పెన్ను గళ్లు

బిగ్ బాస్. తెలుగులో 2017లో వచ్చింది, 2019 నుంచి నాగార్జునే నడిపిస్తున్నారు. పెద్దమ్మాయి పెన్ను గడి ఇదే. రోజూ చూస్తానంటే కుదరదు. శని, ఆదివారాల్లో ఆయన వచ్చి వారం రోజుల తగువుల్నీ తిరిగి చెప్పించి తీర్పు ఇస్తారు, ఆ రెండే చాలు. మావయ్యగారు ఒకరోజు కూర్చుని చూసి, "మన వీధి పంచాయితీ లాగే ఉంది, డబ్బులిచ్చి సూస్తన్నాం" అన్నారు. అన్న తరవాత వారం కూడా కూర్చున్నారు.

క్రికెట్ మా ఆయనది. మ్యాచ్ ఉన్న రోజు అటు బంతి బంతికీ మధ్య, ఇటు సీరియల్ ప్రకటనల మధ్య తిప్పుతూ రెండూ చూడొచ్చని ఆయన వాదన. చూడలేం. ఒక్కసారి తిప్పిన క్షణంలోనే వికెట్టు పడుతుంది, ఆ నింద సీరియల్ మీదికి వస్తుంది. మ్యాచ్‌కి ఆఖరి అయిదు ఓవర్లు పెన్ను గడిగా ఇచ్చి, మిగతాది ఫోనులో స్కోరు చూసుకోమనండి. "విజ్జీ పుట్టిన వంశం ఉన్న ఊళ్లో క్రికెట్‌కి ఇదా మర్యాద" అంటారు ఆయన. విజయనగరం మహరాజ్‌కుమార్ 1936లో భారత జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లిన మాట నిజమే. ఆ పర్యటనలో మంచి ఆటగాడు అమర్‌నాథ్‌ని సగంలో ఇంటికి పంపించేసిన మాటా నిజమే. అది గుర్తు చేస్తే ఆయన ఊరుకుంటారు.

వార్తలు రోజుకి పావుగంట. చర్చల్లో ఆరుగురు ఒకేసారి మాట్లాడటం మొదలెట్టగానే మార్చేయండి. ఆ పని మన ఇంట్లో ఉచితంగా జరుగుతోంది.

తొమ్మిది: ఆదివారం సినిమా

రెండున్నర గంటల సినిమా టీవీలో ఎంతసేపు వస్తుందో ముందే లెక్క కట్టుకోండి. గంటకి 12 నిమిషాల ప్రకటనలంటే సినిమా నడిచేది 48 నిమిషాలే. 150 నిమిషాల సినిమాకి మూడు గంటల పైన ఏడెనిమిది నిమిషాలు. ఆరింటికి మొదలైతే తొమ్మిది దాటుతుంది. పిల్లల అన్నాలు సగంలో పెట్టాలి. ఇంటర్వెల్ దగ్గర పెడదామనుకోకండి, టీవీలో ఇంటర్వెల్ ఎప్పుడు దాటిందో తెలియదు. హీరో మొదటి పాటకి మిరపకాయలు కోయడం, విలన్ రాగానే శనగపిండి కలపడం, ఫ్లాష్‌బ్యాక్‌లో వేయించడం. ఫ్లాష్‌బ్యాక్ ఎలాగూ అందరికీ తెలిసినదే.

ఏ సినిమా అన్న తగువు వస్తే ఒక్క ప్రశ్న అడగండి: ఇది మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకి కూడా నవ్వు తెప్పిస్తుందా? చుట్టాలున్న వారంలో కొత్త సినిమా కంటే పదిసార్లు చూసిన కామెడీ సినిమానే నయం. ఒకరు డైలాగు ముందే చెప్పేస్తారు, ఇంకొకరు కోప్పడతారు, టీవీ పక్కన పడిపోయి ఇంట్లోనే సినిమా నడుస్తుంది. పొద్దున్నపూట పాతవి వేసే ఛానెళ్ల గైడ్ కూడా తిప్పి చూడండి. 1955 నాటి కన్యాశుల్కం ఎప్పుడైనా తగిలితే ఖాళీ గడి దానికే. గురజాడవారి ఇల్లు చూపించి పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కనిది, ఎన్టీఆర్ గిరీశంగా చుట్ట వెలిగించగానే ఎక్కింది. పెద్దమ్మాయి రెండు రోజులు సావిత్రి మధురవాణి లాగా కళ్లు తిప్పుతూ తిరిగింది.

పది: వాన, గాలి

అక్టోబరు కాబట్టి ఇది వదిలేయకూడదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. రెండోది పలాస పక్కన వజ్రపుకొత్తూరు వైపే తీరం దాటింది.

మామూలు జోరువానకి డిష్ బొమ్మ గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోతే ఏమీ చేయకండి. వాన చినుకులు ఆ తరంగాలని పీల్చేసుకుంటాయి, మబ్బు కదిలితే బొమ్మ దానంతటదే వస్తుంది. పల్లెలో మా ఇంటిమీద దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ ఉంది. పోయిన వానల్లో బొమ్మ రాలేదని మా ఆయన మెనూలోకి వెళ్లి ఆటో స్కాన్ నొక్కారు. ఆ నిమిషంలో సిగ్నల్ లేదు కాబట్టి బాక్సుకి ఒక్క ఛానెలూ దొరకలేదు, ఉన్న జాబితా కూడా తుడిచిపెట్టుకుపోయింది. వాన వెలిసింది, బొమ్మ రాలేదు. మళ్లీ స్కాన్ చేసేదాకా మావయ్యగారు నీలం తెర చూస్తూ కూర్చున్నారు. వానలో స్కాన్ నొక్కకండి.

వాన లేనప్పుడు కూడా బొమ్మ సరిగా రాకపోతే మేడ ఎక్కి చూడండి. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. మన జిల్లాలు 83, 84 డిగ్రీల దగ్గర. కాబట్టి డిష్ చూపు నేరుగా దక్షిణానికి ఉండదు, కొంచెం తూర్పుకి ఒరిగి ఆకాశంలో బాగా ఎత్తుకి ఉంటుంది. ఆ దారిలో కొబ్బరిమట్ట ఏదైనా పెరిగి అడ్డొచ్చిందేమో చూడండి. మాకు అదే జరిగింది. మట్ట కొట్టించగానే బొమ్మ వచ్చింది, దించిన నాలుగు బోండాలు లాభం.

మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గు, కేబుల్ వైరు రెండూ పీకేయండి. తుపాను హెచ్చరిక ఉంటే ఫోన్లు, టార్చిలైటు చార్జింగులో పెట్టి, చిన్న రేడియో బయటికి తీయండి. తిత్లీ అప్పుడు మా పుట్టింట్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు పడిపోయాయి. మా నాన్న పక్కింటివాళ్లనీ పిలిచి విశాఖపట్నం ఆకాశవాణి పెట్టుకుని కూర్చునేవారు. మా రేడియోకి లావు సెల్లులు కావాలి, రిమోటుకి సన్నవి. కొట్టుకి వెళ్లినప్పుడు రెండు రకాలూ రెండేసి తీసుకోండి, బియ్యం డబ్బా పక్కన పెట్టండి.